చిల్లుల బేరం

రువీలో, బస్టాండు వెనక సందులో
మొయిదు భాయి టైలరు షాపులో ఒక అర నాది.
అద్దె పదిహేను రియాళ్ళు.
ఇస్త్రీ పెట్టె పక్కన ఉక్క మాత్రం ఉచితం.

అరలో లేసు.
బల్లగుడ్డలు, దిండు అంచులు,
ఒక జత పెళ్ళి చేతితొడుగులు,
ఎవరి చేతుల కోసమో రెండేళ్ళుగా.

సూది పట్టింది ఎనిమిదో ఏట, నరసాపురంలో.
కండెకి ఇంత అని కూలి.
మేం అల్లింది ఓడెక్కి వెళ్ళి
ఏ దొరసాని బల్ల మీద పరుచుకునేదో
అమ్మకీ తెలీదు, నాకూ తెలీదు.
కొన్న మొహం ఒక్కటీ చూడకుండానే
అమ్మ కళ్ళు అయిపోయాయి.

ఇప్పుడు ఫోను కొన్నాను, వాయిదాల మీద.
మొబైలు కొట్టు కుర్రాడు నియామత్‌ది రాయచోటి.
"నొక్కక్కా, ఏం గాదు.
నొక్కితే యాడికీ పోదు" అన్నాడు.

నొక్కాను.
కెమెరా లేసు వంక చూడనే లేదు.
చిల్లుల్లోంచి దూరి
గోడ మీది క్యాలెండరుని శ్రద్ధగా చూసింది.
మళ్ళీ నొక్కాను.
ఈసారి మొయిదు భాయి టీ గ్లాసు,
అంచు మీద ఈగతో సహా.
నా నెల రోజుల పని
దాని ముందు పొగలా.

తప్పు దానిది కాదు.
లేసంటే సగం దారం,
సగం ఏమీ లేకపోవడం.
ఏమీ లేనిచోట ఆగి చూడమని
యంత్రానికి ఎవరు చెప్పారు గనక?

కుట్టుమిషను కింద అబాయా ముక్కలు,
కత్తెర వదిలేసిన నలుపు.
ఒకటి తీసి వెనక పరిచాను.
బొగ్గుల మీద ఉప్పు చల్లినట్టు
లేసు లేచి నిలబడింది.

ఇక రాత.
"చేత్తో అల్లింది, చిల్లులన్నీ సమానం"
అని ఫోనుకి తెలుగులో చెప్పాను.
అరబ్బీలో ఏమని మార్చిందో
దేవుడికీ దానికీ తెలియాలి.
మూడు రోజులు నీలం గీతలు.
చూశారు, వెళ్ళారు.
ఎవరో ఒకాయన నవ్వు బొమ్మ పంపాడు.
నాలుగో రోజు మొయిదు భాయి కళ్ళజోడు పెట్టుకుని చదివాడు.
"చేచీ,
'చిరిగిన గుడ్డలు అమ్మబడును' అని ఉంది ఇక్కడ."
ఆయన టేపు మెళ్ళో వేసుకునే నవ్వాడు.
నాకు నవ్వు రావడానికి
మధ్యాహ్నం దాకా పట్టింది.

తుడిచేద్దామనుకుంటుండగా
సూర్ నుంచి ఒక గొంతు.
పేరు షంసా. ముసలి గొంతు,
మాటల మధ్యలో మేక.
నాకేం అర్థం కాలేదు.
వెనకే ఫొటో వచ్చింది,
మగవాళ్ళు పెట్టుకునే కుమ్మా టోపీ.
వందల చిల్లులు పొడిచి
ఒక్కోదాని చుట్టూ దారం బిగించిన పని అది,
నాకు తెలుసు, బజార్లో ముట్టుకుని చూశాను.
ఫొటోలో మాత్రం టోపీ మసక.
కింద చాప నేత పుల్ల పుల్లా లెక్కపెట్టొచ్చు.

ఆ గొంతుని ఫోను తెలుగులో ఇలా రాసింది:
"నేను కూడా చిరిగినది అమ్ముతాను.
నీది ఎలా కనబడుతుంది?"

వీడియో కాల్ చేశాను.
భాష లేదు. నల్ల గుడ్డ ఎత్తి చూపించాను.
ఆమె లేచింది, తెర ఊగింది,
కాసేపు పైకప్పు ఫ్యాను.
తిరిగొచ్చేసరికి ఒళ్ళో ఒక నల్ల ముసుగు,
దాని మీద టోపీ.
ఇద్దరం ఊరుకున్నాం.
ఆమె చిల్లులు గుండ్రం, నావి పలకలు.
నేను ఒక వరస లెక్కపెట్టడం మొదలుపెట్టాను,
తెర అవతల ఆమె పెదాలూ కదులుతున్నాయి.

ఆమె లేసు కొనలేదు. నేను టోపీ కొనలేదు.
శుక్రవారాలు మేక ఎలా ఉందో పంపుతుంది.

ఆ తప్పు వాక్యం మార్చి పెడతానని
నియామత్ రెండుసార్లు వచ్చాడు.
ఉండనీ అన్నాను.

నిన్న గుమ్మంలో ఎవరో పెద్దావిడ,
చేతిలో ఫోను,
చిరిగిన గుడ్డలమ్మే ఆమె ఎవరని.
సూది కొప్పులో గుచ్చి
నేనే అన్నాను.